నేల టిక్కెట్టు: చెవిలో సినిమా

సినిమా హాల్లో ముందు సీటాయన చేత చీవాట్లు తిన్నారా మీరెప్పుడైనా? నేను తిన్నాను. తినవలసిన పనే చేశాను గనక ఆయన్నేమీ అనను. అయితే చీవాట్లు నాకు పడ్డాయి, శిక్ష మాత్రం ఇంకొకరికి పడింది. ఈ వారం ఆ ముచ్చటే.

ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. తెనాలిలో ఒక హాలు. మొదటి ఆట. కొత్త బొమ్మ, రెండో రోజు. హాలు కిటకిటలాడిపోతోంది. నా పక్కన మా బావ. మా చిన్నత్తయ్య కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆయనకి చూపు లేదు. సినిమా పిచ్చి మాత్రం మా ఇంటిల్లిపాదికీ వున్నదంతా కలిపి ఆయనొక్కడికే వుంది. పాట మొదలవగానే ట్యూను ఎవరిదో చెప్తాడు. డైలాగు వినగానే డబ్బింగ్ ఎవరు చెప్పారో చెప్తాడు. తెర మీద ఏం జరుగుతోందో ఆయనకి చెప్పడం మాత్రం నా డ్యూటీ.

ఆ రోజూ అదే చేస్తున్నాను, ఆయన చెవిలో గుసగుసగా. "హీరో గోడ దూకాడు... కుక్క వెంటపడింది... లుంగీ ముళ్ళకంపకి పట్టుకుంది..."

ముందు సీటాయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. "ఏమయ్యా! మేం కూడా టిక్కెట్టు కొనుక్కునే వచ్చాం. ఆ కామెంటరీ ఏదో ఇంటికెళ్ళి చెప్పుకోరాదూ?" అన్నాడు.

చీకట్లో ఆయనకి బావ నల్లకళ్ళద్దాలు కనిపించి వుండవు. నేను సంగతి చెబుదామని నోరు తెరిచేలోగా బావ నా చెయ్యి నొక్కాడు, ఊరుకోమని. ఊరుకున్నాను. ఇంటర్వెల్ లోగా హాలు మూడుసార్లు గొల్లుమంది. మూడుసార్లూ బావ మొహం అటోసారి ఇటోసారి తిరిగింది, ఆ నవ్వెందుకో ఎవరైనా అంటారేమోనని. ఇంటర్వెల్లో బయటికొచ్చి, సోడా తాగి, "పదరా, ఇంటికి పోదాం" అన్నాడు. అంతే. ఆ తర్వాత చాలా ఏళ్ళు హాలు గడప తొక్కలేదు.

తీరా ఆలోచిస్తే ముందు సీటాయన తప్పూ లేదు, బావ తప్పూ లేదు. మరి తప్పెక్కడుంది? ఆ ఆరాలోనే ఈ వ్యాసం పుట్టింది.

* * *

బావ పుట్టుకతో చూపులేనివాడు కాదు. మాతో పాటు నేల టిక్కెట్టులో కూర్చుని ఈలలు వేసినవాడే. అయితే ఆయన జబ్బు మొదట బయటపడింది కూడా సినిమా హాల్లోనే! రెండో ఆటకి కాస్త ఆలస్యంగా వెళితే చాలు, అందరి కాళ్ళూ తొక్కేసేవాడు. టార్చిలైటు కుర్రాడు దారి చూపించినా మెట్టు తప్పేవాడు. కూర్చున్నాక తెర మీద బొమ్మ మాత్రం శుభ్రంగా కనిపించేది. "నీకు కళ్ళు నెత్తికెక్కాయి బావా" అని మేము ఏడిపించేవాళ్ళం. పిల్లతనం!

ఆ జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి లోపల వెనకవైపు కూడా ఒక తెర వుంటుంది, రెటీనా అంటారు. ఆ తెరలో మసకవెలుతురులో పని చేసే కణాలు ముందు చచ్చిపోతాయి. అందుకే మొదట రేచీకటి వస్తుంది. తర్వాత చూపు చుట్టూరా నుంచి మూసుకుంటూ వచ్చి, గొట్టంలోంచి చూసినట్టవుతుంది. ఇది వంశపారంపర్యంగా వచ్చేది. మేనరికాల్లో ఇలాంటివి ఎక్కువగా బయటపడతాయని డాక్టర్లు చెప్తారు. మా అత్తయ్యది మేనరికమే.

చూపించడానికి హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. సినిమా అభిమానులకి ఆ పేరు వేరే చెప్పాలా? మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించి, తర్వాత 'షావుకారు', 'పెళ్ళి చేసి చూడు', 'మిస్సమ్మ' తీసిన ఆ ఎల్.వి. ప్రసాదే. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు కంటి ఆస్పత్రి పెడతానంటే బంజారాహిల్స్‌లో అయిదెకరాల స్థలమూ, కోటి రూపాయలూ ఇచ్చారు ప్రసాద్. 1987లో ఆ ఆస్పత్రి పని మొదలెట్టింది. జనం కళ్ళకి వినోదం పంచి సంపాదించిన డబ్బు మళ్ళీ జనం కళ్ళకే వెళ్ళిందన్నమాట!

బావ జబ్బుకి మందు లేదని అక్కడ చెప్పారు. చెప్పి వదిలెయ్యలేదు. చూపు తగ్గినవాళ్ళు, పూర్తిగా పోయినవాళ్ళు ఎలా బతుకు సాగించుకోవాలో నేర్పే విభాగానికి పంపారు. కర్ర పట్టుకోవడం, ఒంటరిగా బస్సెక్కడం, ఫోను వాడడం - అన్నీ మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నాడు. ఇప్పుడు గుంటూరులో ఒక బ్యాంకులో వుద్యోగం. జీతం నాకంటే ఎక్కువ. విలేఖరి వుద్యోగాన్ని ఎగతాళి చెయ్యడానికి ఆయనకి ఆ ఒక్క కారణం చాలు.

* * *

బావ దగ్గరున్న సరంజామా చూస్తే మీకు ముచ్చటేస్తుంది.

మొదటిది తెల్లకర్ర. మడిస్తే సంచీలో పడుతుంది. దీనికొక లోపం వుంది. నేల మీద గుంటనీ, రాయినీ పట్టిస్తుంది గానీ మొహానికి తగిలే చెట్టుకొమ్మనీ, తెరిచి వున్న కిటికీ రెక్కనీ పట్టించలేదు. అందుకని ఢిల్లీ ఐ.ఐ.టి.లో ప్రొఫెసర్ ఎం. బాలకృష్ణన్ బృందం స్మార్ట్‌కేన్ అని ఒకటి తయారుచేసింది. 2014లో బయటికొచ్చింది. మామూలు తెల్లకర్ర పిడికే ఇది తగిలించుకోవచ్చు. గబ్బిలం చేసే పనే ఇదీ చేస్తుంది. మన చెవికి వినపడని శబ్దాన్ని ముందుకి పంపి, అది దేనికైనా తగిలి వెనక్కొస్తే పిడి వణుకుతుంది. మోకాలి నుంచి తల దాకా, మూడు మీటర్ల దూరంలో ఏదున్నా తెలిసిపోతుంది.

రెండోది డబ్బు సంగతి. వంద రూపాయలూ, ఆ పైన నోట్ల అంచుల్లో వేలికి తగిలే ఏటవాలు గీతలుంటాయి. వందకి నాలుగు, అయిదు వందలకి అయిదు. మీ జేబులోంచి ఒకటి తీసి కళ్ళు మూసుకుని తడిమి చూడండి. నలిగిన నోటు మీద ఆ గీతలు దొరకడం కష్టం. అందుకే రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో 'మణి' అనే యాప్ విడుదల చేసింది. ఫోను కెమెరా ముందు నోటు పెడితే అది ఎంతదో చెప్పేస్తుంది. ఇప్పుడు క్యాంటీనులో బావకి చిల్లర తక్కువిచ్చే మొనగాడు లేడు.

మూడోది, అన్నిటికీ పెద్దది - ఫోను. మీ చేతిలో వున్నదే, వేరే రకం కాదు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోనులో వాయిస్‌ఓవర్ అని వుంటాయి. రెండూ 2009లోనే వచ్చాయి. తెర మీద ఎక్కడ వేలు పెడితే అక్కడున్నది పైకి చదువుతాయి. తెలుగూ చదువుతాయి. బావ ఫోను మాట్లాడే వేగం వింటే వేలంపాటవాడు కూడా దణ్ణం పెడతాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆయన మాత్రం హాయిగా వింటూ, "నీ వ్యాసం చదివాన్రా, మూడో పేరాలో సోది ఎక్కువైంది" అంటాడు.

అంత ఫోనూ ఒక్కచోట మూగబోతుంది. సినిమా టిక్కెట్టు కొనేచోట! ఒక యాప్‌లో బావ సీటు ఎంచుకోబోతే ఫోను ఏమందో తెలుసా? "బటన్... బటన్... బటన్... బటన్..." వందసార్లు బటనే! ఆ యాప్ చేసినవాళ్ళు ఒక్కొక్క సీటు బొమ్మకీ దాని నంబరు పేరుగా రాసి పెట్టాలి. రాయలేదు. వరసేదో, నంబరేదో ఫోనుకే తెలియనప్పుడు అది బావకేం చెప్తుంది? యంత్రం లోపం కాదది. ఒక మనిషి రాయవలసిన నాలుగు మాటలు రాయకపోవడం.

ఈ మాట గుర్తుంచుకోండి. సినిమాలోనూ ఇదే తంతు.

* * *

'మాయాబజార్' చూడనివాళ్ళు మనలో ఎవరున్నారు? పెళ్ళివంటల ముందు ఘటోత్కచుడు కూర్చునే ఘట్టం తలుచుకోండి. ఇప్పుడు కళ్ళు మూసుకుని వినండి. పాట వినిపిస్తుంది. ఎస్.వి. రంగారావు నవ్వు వినిపిస్తుంది. కానీ లడ్డూలు వినిపిస్తాయా? పళ్ళెంలోంచి వాటంతటవే లేచి నోట్లోకి ఎగరడం వినిపిస్తుందా? 1957లో మార్కస్ బార్ట్లే కెమెరా చేసిన ఆ గారడీ అంతా చూపులేనివాడికి లేనట్టే.

అంతకంటే పెద్ద పేచీ బావే పెట్టాడు. "ఒరేయ్, సింగీతం శ్రీనివాసరావూ కమల్‌హాసనూ కలిసి 1981లో 'అమావాస్య చంద్రుడు' తీశారు కదా. అందులో హీరో నాలాంటివాడే, వయొలిన్ వాయిస్తాడు. మళ్ళీ ఆ ఇద్దరే 1987లో 'పుష్పక విమానం' తీశారు. దాంట్లో ఒక్క డైలాగు లేదు. ఒక సినిమాలో నన్ను హీరోని చేశారు, ఇంకో సినిమాలో నన్ను గేటు బయటే నిలబెట్టారు. దాన్ని నాకు చూపించగలవా?" అన్నాడు.

పందెం కాశాను. ఆదివారం మధ్యాహ్నం, బావ ఇంట్లో, ఎవరూ కసిరేవాళ్ళు లేరు. బొమ్మ పెట్టి మొదలెట్టాను. పది నిమిషాల్లో గొంతెండిపోయింది!

ముందు అన్నీ చెప్పబోయాను. గది రంగు, చొక్కా రంగు, గోడ మీద క్యాలెండరు. "ఆగరా! నాకు సున్నం రంగెందుకు? వాడేం చేస్తున్నాడో చెప్పు" అన్నాడు. సరేనని, "పాపం వాడు చాలా బాధగా వున్నాడు" అన్నాను. దానికీ ఒప్పుకోలేదు. "బాధో కాదో నేను తేల్చుకుంటాను. నువ్వు చూసింది చెప్పు. తల వంచుకున్నాడా? గోడకి ఆనుకున్నాడా?" ఇంకోచోట, ముందే చూసిన తెలివితో, "ఇప్పుడు చూడు, వాడు దొరికిపోతాడు" అన్నాను. ఆయనకి నిజంగా కోపమొచ్చింది. "సస్పెన్సు నీ ఒక్కడికేనా?" అన్నాడు.

అలా తిట్లు తింటూనే నేర్చుకున్నాను. ఒక ఘట్టం మాత్రం చచ్చేదాకా మరిచిపోను. హీరో సినిమాహాలు పక్కన గోలలో నిద్రపోవడానికి అలవాటు పడ్డవాడు. పెద్ద హోటలు గదికి మారాక ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టదు. పాత చోటికెళ్ళి ఆ గోలంతా టేపురికార్డరులో పట్టుకొచ్చి, హోటల్లో పెట్టుకుని నిద్రపోతాడు. బావకి ఉన్నట్టుండి సినిమా ఫైటింగు చప్పుళ్ళు వినిపించాయి. "ఏరా, ఛానెల్ మార్చావా?" అన్నాడు. "లేదు బావా, మంచం పక్కన టేపురికార్డరు. మీట నొక్కాడు. కళ్ళు మూసుకున్నాడు" అన్నాను. ఒక్క క్షణం ఆగి బావ పకపకా నవ్వాడు. ఆ నవ్వు అచ్చంగా సింగీతం వారికి చెందవలసిన నవ్వు. మధ్యలో నేను ఇచ్చింది చిన్న చిన్న వాక్యాలు మూడు!

చివర్లో అమల కారులోంచి విసిరిన గులాబీకి చుట్టిన కాగితం, ఆమె అడ్రసున్న కాగితం, గాలికెగిరి మురిక్కాలవలో పడుతుంది. అది చెప్పి ఊరుకున్నాను. బావ కూడా ఏమీ అనలేదు. సినిమా అయిపోయాక కాసేపటికి, "పువ్వు చేతిలో వుందా?" అని మాత్రం అడిగాడు. వుందన్నాను.

* * *

నేను తిట్లు తిని నేర్చుకున్న ఈ విద్యకి ఒక పేరుందని తర్వాత తెలిసింది - ఆడియో డిస్క్రిప్షన్. మనం దృశ్యవర్ణన అనుకుందాం. దీని పుట్టుక కూడా మా ఇంటి కథలాంటిదే. అమెరికాలో గ్రెగరీ ఫ్రేజియర్ అనే ఆయన, చూపులేని మిత్రుడితో కూర్చుని టీవీలో 'హై నూన్' చూస్తూ వర్ణించి చెప్పాడట. ఇది నా ఒక్కడి పని కాదు, దీనికో పద్ధతి వుండాలి అనిపించి, 1975లో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ.కి అదే అంశంగా థీసిస్ రాశాడు. అక్కడ ఆయనకి అండగా నిలబడ్డ ఆచార్యుడు ఆగస్ట్ కొప్పోలా. ఎవరనుకున్నారు? 'గాడ్‌ఫాదర్' దర్శకుడికి అన్నగారు, హీరో నికొలస్ కేజ్‌కి తండ్రి! అక్కడా సినిమావాళ్ళే.

ఇంకో తమాషా వినండి. 2015లో నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు 'డేర్‌డెవిల్' అని సీరియల్ పెట్టారు. హీరోకి చూపు లేదు, అయినా విలన్లని చితక్కొడతాడు. "చూపులేని హీరో కథ చూపులేని మేం ఎలా చూడం?" అని జనం నిలదీశారు. ఆ ఏప్రిల్లోనే దృశ్యవర్ణన చేర్చడం మొదలెట్టారు. మొట్టమొదట దానికే! మన రవితేజ 'రాజా ది గ్రేట్'లో చేసిన ఫైట్లకి మనమంతా చప్పట్లు కొట్టాం కదా. ఆ ఫైట్లలో ఎవరు ఎవర్ని కొట్టారో బావకి ఎవరు చెప్పాలి?

హాల్లో ఇది ఎలా పని చేస్తుందంటే - డైలాగుకీ డైలాగుకీ మధ్య ఖాళీల్లో ఇమిడేలా వర్ణన రాసి, మంచి గొంతుతో రికార్డు చేస్తారు. దాన్ని ఫోనులో ముందే దించుకోవాలి. హాల్లో కూర్చున్నాక ఫోను మైకు సినిమా చప్పుడు విని, ఇప్పుడు ఏ సీను నడుస్తోందో పోల్చుకుని, సరిగ్గా అక్కడినుంచి వర్ణన చెవిలో పెడుతుంది. మనదేశంలో ఎక్స్.ఎల్. సినిమా అనే యాప్ ఇలాంటిదే. ఒక చెవికి ఇయర్‌ఫోను, రెండో చెవి హాలుకి. ముందు సీటాయనకి చీమ చిటుక్కుమన్నట్టు కూడా వుండదు.

చట్టమూ వుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో దృశ్యవర్ణన మాట రాసే వుంది. 2023 జనవరిలో, చూపులేని ఒక లా విద్యార్థితో సహా కొందరు వేసిన కేసులో, 'పఠాన్' ఓటీటీలోకి వచ్చేటప్పుడు దృశ్యవర్ణన, సబ్‌టైటిల్స్ వుండాలని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2024 మార్చి 15న కేంద్ర సమాచార ప్రసార శాఖ నియమాలు విడుదల చేసింది. ఒకటికి మించిన భాషల్లో సెన్సారయ్యే సినిమాలకి ఆరు నెలల గడువు. జాతీయ అవార్డులకి పోటీపడే సినిమాలకి 2025 జనవరి 1 నుంచి తప్పనిసరి. మిగతా అన్ని సినిమాలకి రెండేళ్ళు. పాన్ ఇండియా అని అయిదు భాషల్లో పోస్టర్లు వేసుకునేది మొదట మన తెలుగువాళ్ళే గనక ఆ ఆరు నెలల మాట మొదట తగిలేదీ మనకే!

* * *

కిందటేడు హైదరాబాదులో బావని మళ్ళీ హాలుకి లాక్కెళ్ళాను. "వద్దురా, మళ్ళీ ఎవరిచేతో తిట్టిస్తావా?" అని గొణుగుతూనే వచ్చాడు. హిందీ సినిమా. వర్ణన వున్న సినిమా అది. ఇంట్లోనే ఫోనులోకి దించుకున్నాం. ఒక చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాడు. నాకు పని లేదు. హాల్లో బావ పక్కన నోరు మూసుకుని కూర్చోవడం నా జన్మలో అదే మొదటిసారి.

అరగంటకి ఒక తమాషా సీను వచ్చింది. డైలాగు లేదు, చేతలే. హాలు గొల్లుమంది. నేను నవ్వడం మానేసి పక్కకి చూశాను. బావ కూడా నవ్వుతున్నాడు. ముందూ కాదు, వెనకా కాదు, హాలుతో పాటే! మొహం అటూ ఇటూ తిరగలేదు. తిన్నగా తెరకేసే వుంది.

బయటికొచ్చాక, "ఎలా వుంది బావా?" అన్నాను.

"బాగానే వుంది. కానీ ఒరేయ్, నా చెవిలో చెప్పినాయన మంచి హిందీలో చెప్పాడు. నేను మనసులో తెలుగులోకి మార్చుకుంటూ నవ్వాను. నేను నేల టిక్కెట్టులో ఈలేసింది తెలుగు సినిమాకి. ఆ లడ్డూలు ఎగిరాయని తెలుగులో చెప్పేదెవర్రా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అందుకే మీ ముందుకు తెచ్చాను. మీలో రచయితలు కావాలనుకునేవాళ్ళున్నారు. డబ్బింగ్ చెప్పాలని అద్దం ముందు గొంతు సవరించుకునేవాళ్ళున్నారు. ఫోను వుంది, యాప్ వుంది, చట్టం వుంది. లడ్డూ పళ్ళెంలోంచి లేచి నోట్లోకి వెళ్ళేలోగా, నాలుగు తెలుగు మాటల్లో ఆ సంగతి చెప్పగలిగిన మనిషి కావాలి. అది చిన్న విద్య కాదు. ప్రయత్నించి చూడండి, గొంతెండిపోతుంది!

అది చేతకాకపోయినా ఫరవాలేదు. ఈసారి హాల్లో మీ వెనక వరసలో ఎవరైనా గుసగుసగా కథ చెప్తూంటే, కసిరేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. ఆ పక్కన మా బావ వుండొచ్చు.